అమ్మ పోవడానికో ఇల్లు

ఇల్లు కొనేవాడికి ఒక ముఖం ఉంటుందట. అది నాకు లేదు. మొట్టమొదటిసారి ఇల్లు చూడ్డానికి పోయినప్పుడు గేటు తీసిన పెద్దమనిషి నన్ను కిందినుంచి మీదికి ఒకసారి చూసి, "ఇప్పుడా వచ్చేది? పొద్దున్నే రమ్మంటి గదా" అని నా చేతికి తాడూ బొక్కెనా ఇచ్చాడు. బావిలో పూడిక తీసేవాడి కోసం ఆయన కాచుకుని ఉన్నాడు. నేను ఇల్లు కొనడానికి వచ్చానని చెప్పేలోపల సగం పూడిక తీసేశాను. మిగతా సగం కూడా తీసేవాణ్నే గానీ, వెనకాల నిదానంగా వస్తున్న నా భార్య చేరుకుని బావిలోకి వంగి చూసింది.

"ఇల్లు చూస్తనని వచ్చి గీ బాయిల ఏం చూస్తున్నవయ్యా?"

"నీళ్లు తియ్యగున్నయి, తీస్కుందమా?" అన్నాను లోపలినుంచి.

ఆ పెద్దమనిషి సిగ్గుపడి మాకు మజ్జిగ ఇచ్చాడు గానీ ఇల్లు ఇవ్వలేదు. మమ్మల్ని చూశాక ఆయనకు అమ్మాలన్న ఆలోచనే పోయినట్టుంది.

ఇది అరవై తొమ్మిది నాటి మాట. ఊరంతా తెలంగాణ కావాలని రోడ్డు మీద ఉంటే, నేను రెండు గదుల ఇల్లు కావాలని రోడ్డు మీద ఉన్నాను. అప్పట్లో వాళ్లకూ దొరకలేదు, నాకూ దొరకలేదు.

నేను దర్జీని. దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు మీద ఒక బట్టల దుకాణం అరుగు నాది. అంటే అరుగు దుకాణందారుది, దాని మీద మిషన్ నాది. ఐదో తరగతి దాకా చదివాను. ఆరో తరగతి గది తలుపు లోపలికి తెరుచుకుంటుందో బయటికి తెరుచుకుంటుందో ఇప్పటికీ తెలియదు. ఆ ఏడాది చొక్కాల కంటే నల్లజెండాలే ఎక్కువ కుట్టాను. జెండా కుట్టడంలో సుఖం ఉంది. చంకల్లో బిగుతైందని తిరిగి తెచ్చి కొట్లాడేవాళ్లుండరు. ఇక బంద్ అంటే మిషన్ కూడా బంద్. ఆ రోజుల్లో నేనూ నా భార్యా ఇళ్లు చూడ్డానికి బయల్దేరేవాళ్లం.

మాకు ఇల్లెందుకంటే, సుఖంగా బతకడానికి కాదు. మా అమ్మ పోవడానికి.

అమ్మకు అప్పటికే కాళ్లు వాచాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పడుకుంటే ఊపిరాడక మళ్లీ లేచి కూర్చునేది. దవాఖానకు తీసుకుపోతే డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చూసి, అమ్మను బయట కూర్చోబెట్టమని, నాతో మెల్లగా, "ఇంటికి తీసుకపోండ్రి, తిన్నది పెట్టండ్రి" అన్నాడు. ఏ ఇంటికి అని అడగబోయి ఊరుకున్నాను. ఆయనకు నా హాస్యం తెలియదు, కొత్త మనిషి.

మేం ఉండేది ఒక ముసలామె ఇంటి వెనక భాగంలో, కిరాయికి. ముందుభాగంలో ఆమె ఒక్కతే ఉండేది. మంచి మనిషి. అమ్మకు జ్వరం వస్తే జావ కాచి పంపేది. అలాంటి మనిషి, దవాఖాన నుంచి మేం వచ్చిన సాయంత్రం, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"కోపానికి రాకు కొడుకా. మీ అమ్మ నిండా నూరేండ్లుండాలె. కానీ ఏమన్న అయితే మాత్రం నా ఇంట్ల కావద్దు."

"ఏమన్న అంటే ఏంది అవ్వా?"

"నా నోటితోనే చెప్పిస్తవా?" అని ఏడ్చింది. "ఎన్కట గీ ఇంట్లనే ఒకాయన పోతే నక్షత్రం మంచిది కాదన్నడు పంతులు. మూడు నెల్లు వాకిట్ల కంప కొట్టి ఇల్లు పాడుబెట్టిన. ఆ తర్వాత గూడ ఏడాది దాక ఒక్కడు కిరాయికి రాలే. గా పైసలతోనే గదా నా పొయ్యి మండేది? నాకు కొడుకున్నడా, కోడలున్నదా?"

ఆమె మీద నాకు కోపం రాలేదు, ఇప్పటికీ లేదు. ఇది మా దగ్గర అందరూ ఒప్పుకున్న పద్ధతి. కిరాయి ఇంట్లో బతకవచ్చు, తినవచ్చు, జ్వరం తెచ్చుకోవచ్చు. చావడానికి మాత్రం ఇల్లు సొంతది కావాలి. ప్రాణం పోకముందే మంచాన్ని గేటు బయటికి తేవాలి. దవాఖానలో పోతే శవాన్ని అటునుంచి అటే తీసుకుపోవాలి. మా సందులోనే అంతకుముందు ఒక ఇంటి కిరాయిదారు శవాన్ని వానలో గోడ పక్కన పెట్టుకుని, గొడుగులు పట్టుకుని కూర్చున్నారు. అమ్మ కిటికీలోనుంచి చూసింది. ఆ రోజు అన్నం తినలేదు. ఊరికి తీసుకుపోదామంటే నల్గొండ దగ్గర మా ఊళ్లో ఇల్లు ఎప్పుడో కూలి మొండిగోడలయింది. మిగిలిన చారెడు చెలక భూమి అమ్ముకునే మేం ఈ ఇళ్ల వెతుకులాటకు దిగింది.

ముసలామె వెళ్లాక మేం ముగ్గురం కూర్చుని, అసలు ఎలాంటి ఇల్లు కావాలో అనుకున్నాం. నా భార్య వెంటనే అందుకుంది.

"నాకు బాయి కావాలె. నా తాడు, నా బొక్కెన. ఎవలి వంతు అని అడిగేటోళ్లు లేకుంట."

"నాకు రోడ్డు దిక్కు అరుగు కావాలె. పోయేటోళ్లను రమ్మని పిలుస్త" అన్నాను.

"నువ్వు పిలిస్తే వచ్చేటోళ్లు గూడ పోతరు" అంది.

అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని నవ్వుతోంది. నవ్వితే దగ్గు, దగ్గితే ఆయాసం. అందుకని నేను ఆమెను నవ్వించడం తగ్గించుకున్న రోజులవి. అది నాకు ఉపవాసం లాంటిది.

"నీకేం కావాలె అమ్మా? చెప్పు, రాసుకుంట" అని గాలిలో చేత్తో రాయడం మొదలుపెట్టాను.

"నీకు రాయొచ్చురా?" అంది. తర్వాత వాచిన కాళ్లు ఒత్తుకుంటూ అంది, "నాకేం కావాలె బిడ్డా. నన్ను బయట పండబెట్టకుంటే సాలు."

నా భార్య కాసేపు చీర అంచు చూసుకుంది. "బాయి లేకున్న నడుస్తది" అంది. అరుగు లేకపోయినా నడుస్తుందని నేనూ అన్నాను. గాలి, వెలుతురు, తూర్పు ముఖం, బస్సు దగ్గర, అంగడి దగ్గర, ఒక్కొక్కటే తీసేసుకుంటూ వచ్చాం. చివరికి మా కోరికల్లో ఒక తలుపూ ఒక కప్పూ మిగిలాయి. ఇంత తక్కువ అడిగేవాళ్లకు ఇల్లు తొందరగా దొరుకుతుందని మా అమాయకత్వం.

ఒక బ్రోకర్ పట్టుకున్నాడు మమ్మల్ని. ఇప్పుడు ఎల్బీ నగర్ అంటున్నారే, అక్కడికి నడిపించాడు. అప్పుడక్కడ రోడ్డూ, రోడ్డు మీద జిల్లాల నుంచి వచ్చే బస్సులూ, రెండు పక్కలా తుమ్మకంపా తప్ప ఏమీ లేదు. కంపలో పాతిన హద్దురాళ్ల మధ్య నిలబడి ఆయన చేతులు చాచాడు.

"ఇగో, ఇది హాలు. ఇది వంటిల్లు. గిక్కడ దేవుని అర్ర."

ఆయన చెప్పిన హాల్లోనుంచి ఒక పాము వచ్చి, వంటింట్లోకి పోయి, దేవుని అర్రలోకి దూరింది.

"కిరాయికి ఉన్నరా, ఖాళీ చేస్తరా?" అని అడిగాను.

బ్రోకర్ నవ్వలేదు. నా భార్యా నవ్వలేదు. ఆమె ఆ రాళ్లకేసి చూస్తూ, "కట్టెవరకు ఎన్ని నెల్లు పడుతది?" అంది. ఆయన ఇటుక దొరకడం లేదనీ, బంద్‌ల వల్ల లారీలు రావడం లేదనీ చెప్పుకొచ్చాడు. మేం వెనక్కి తిరిగాం. నెలలు అనే సరుకు మా దగ్గర లేదు. దారిలో నేను మూడు నాలుగు మాటలు వేసి చూశాను గానీ ఒకటీ పేలలేదు.

ఆ తర్వాత కొత్తపేటలో ఒక ఇంటి సంగతి తెలిసింది. అప్పటికి కొత్తపేట చుట్టుపక్కల ద్రాక్షతోటలుండేవి. ఒక తోట వెనక, గుంటూరు వైపు నుంచి వచ్చిన గుమాస్తా ఒకాయన చిన్న ఇల్లు కట్టుకున్నాడు. గొడవల్లో ఎవరో రాయి వేస్తే ముందు కిటికీ అద్దం పగిలింది. ఆయన భయపడి, ఉన్నదున్నట్టు అమ్మేసి ఊరికి పోతానంటున్నాడని విన్నాం.

ఈసారి అమ్మ కూడా వస్తానని పట్టుబట్టింది. రిక్షాలో ఆమెను కూర్చోబెట్టి, మేమిద్దరం చెరోపక్క నడిచాం. తలుపు కొడితే గొళ్లెం తీయకుండా లోపలినుంచి, "ఎవరండీ? ఎవరు కావాలి?" అని వణుకుతున్న గొంతు.

"మేం రాళ్లేసేటోళ్లం కాదండీ, ఇల్లు కొనేటోళ్లం. వెంట వచ్చింది మా అమ్మ, రాయి ఇచ్చినా విసరలేదు" అన్నాను.

తలుపు తెరుచుకుంది. పాపం, ఆయన చాలా మర్యాదస్తుడు. "రండి రండి, కూర్చోండమ్మా, నీడకు రండి" అంటూ కుర్చీ తుడిచాడు. ఆయన భార్య కాఫీ తెచ్చింది. అమ్మ ఒక గుక్క తాగి, "చేదు మందు గిట్లుంటే రోజూ తాగుత" అంది. ఆవిడ నవ్వి ఇంకొంచెం పోసింది. నా భార్య వెనక్కి పోయి చూసి వచ్చింది. ఆమె ముఖం చూడగానే తెలిసింది, బావి ఉంది. గిలక కూడా ఉంది. ముందు అరుగు ఉంది. మేం లేకున్నా నడుస్తుందనుకున్నవన్నీ ఆ ఇంట్లో ఉన్నాయి.

అమ్మ వెనక గదిలోకి పోయి, కిటికీ కింద నేల మీద కూర్చుంది. కిటికీలోంచి ద్రాక్షపందిళ్లు కనపడుతున్నాయి. నేలను అరచేత్తో తుడిచినట్టు తడిమింది. చాలా రోజుల తర్వాత ఆయాసం లేకుండా కూర్చుంది ఆమె. కొద్దిసేపైనాక ఆవిడను పిలిచి అడిగింది.

"ఈ ఇంట్ల ఎవరన్న పోయిన్రా అమ్మా?"

మొగుడూ పెళ్లాం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన గబగబా ముందుకొచ్చాడు.

"అబ్బే, అలాంటివేం లేవండమ్మా! గృహప్రవేశం నుంచీ ఈ ఇంట్లో అన్నీ శుభకార్యాలే. ఈవిడ సీమంతం ఇక్కడే, పాప అన్నప్రాసన ఇక్కడే. అశుభం అనేది ఎరగదండీ ఈ ఇల్లు. కావాలంటే ఒట్టేస్తాను."

ఒట్టు కూడా వేశాడు. అమ్మ తల ఊపింది. గోడ పట్టుకుని మెల్లగా లేచింది. ఆవిడ చేతులు పట్టుకుని, "సల్లగుండు బిడ్డా" అంది. బేరం రేపు మాట్లాడుకుందామని చెప్పి మేం బయటికి వచ్చాం. నా భార్య రిక్షా పక్కన దాదాపు ఎగురుతూ నడుస్తోంది.

కొంతదూరం పోయాక అమ్మ అంది, "ఆ ఇల్లు వద్దురా."

"ఎందుకే? కాఫీ చేదున్నదనా?"

"ఇప్పటిదాక సావు తెల్వని ఇల్లది. నేను పోయి మొదటి మైల చేస్తనా? నా కోడలు ఇంక కనాలె, పెంచాలె. ఆ ఇంట్ల మొదలు మీ బిడ్డ ఏడ్పు ఇనబడాలె గానీ, నా కోసం ఏడ్సుడు ఇనబడొద్దు."

"నాకేం పట్టింపు లేదత్తా" అని నా భార్య రిక్షా పట్టుకుంది.

"నీకు లేకుంటే నాకున్నది."

"మరి ఎట్లాంటి ఇల్లు కావాలె నీకు?" అన్నాను.

"ఎవరో ఒకరు పోయిన ఇల్లు చూడు. తరాలుగ మనుషులు పుట్టి సచ్చిన పాత ఇల్లు. వాళ్లల్ల నేనొకదాన్ని. ఎవరికీ భారం గాను."

ప్రపంచంలో ఇల్లు కొనేవాళ్లంతా ఎవరూ పోని ఇల్లు అడుగుతారు. మా అమ్మ శవం లేచిన ఇల్లు అడుగుతోంది. దిల్‌సుఖ్‌నగర్ అవతల అన్నీ కొత్త ఇళ్లే. తడి ఆరని గోడలు. చచ్చేంత తీరిక ఇంకా ఎవరికీ దొరకని కాలనీలు.

"నువ్వు పోతవని నీకెవరు చెప్పిన్రే? కర్ఫ్యూల యముడు మాత్రం ఎట్ల వస్తడు, లాఠీ దెబ్బలు తింటడు" అన్నాను. ఆమె నవ్వింది, దగ్గింది. రిక్షా ఆపి, ఊపిరి కుదుటపడేదాకా రోడ్డు పక్కన నిలబడ్డాం.

ఎంత బతిమాలినా వినలేదు. ఆ గడప తొక్కనంది. నేను పాత ఇళ్ల కోసం తిరిగాను. పాత ఇళ్లవాళ్లు అమ్మరు, లేదా అమ్మేవాళ్లు పదిమంది వారసులు, వాళ్లలో వాళ్లకే మాటల్లేవు. ఒక ఇంటి ముందు నిలబడి, "మీ ఇంట్ల ఎందరు పోయిన్రండీ?" అని అడిగితే కర్ర తీసుకుని వెంటపడ్డాడు. అది సరైన ప్రశ్న అని ఆయనకు ఎలా చెప్పను?

ఒక బంద్ నాడు మధ్యాహ్నం అమ్మకు ఊపిరి ఆడడం కష్టమైంది. రిక్షాలు లేవు, బస్సులు లేవు. దూరంగా రోడ్డు మీద నినాదాలు వినిపిస్తున్నాయి. ముసలామె వచ్చి చూసింది. గుమ్మం పక్కన కూర్చుని చేతుల్లో ముఖం పెట్టుకుంది. ఆమె అనకపోయినా నాకు వినబడింది. నేనూ, పక్కింటాయనా మంచం ఎత్తాం. నా భార్య ముందు నడిచి గేటు తీసింది.

గోడకూ కరెంటు స్తంభానికీ దుప్పటి కట్టి నీడ చేశాం. ముసలామె తన ఇంట్లోనుంచి తలగడ తెచ్చి అమ్మ తల కింద పెట్టి, విసనకర్రతో విసురుతూ కూర్చుంది. తన ఇంట్లోనుంచి పంపించింది గానీ తాను మాత్రం బయటికి వచ్చి కూర్చుంది. అమ్మ ఆమె చేయి పట్టుకునే ఉంది. సందులోనుంచి పోయేవాళ్లు చెప్పులు విప్పి పోతున్నారు. అమ్మ కళ్లు తెరిచి పైనున్న దుప్పటిని చూసింది, చుట్టూ చూసింది. ఎక్కడున్నదీ తెలిసింది. నన్ను చూసి, నేను ఏదన్నా అంటానని కాసేపు ఎదురుచూసింది. నాకు ఒక్క మాటా దొరకలేదు.

"ఎండ మంచిగున్నదిలే" అంది తనే.

పొద్దుగూకక ముందే పోయింది. నక్షత్రం మంచిదేనని తర్వాత పంతులు చెప్పాడు. ఆ మాట వినడానికి ఇంట్లో కాకుండా సందులో కూర్చుని ఉన్నాం.

దినాలు అయ్యాక కొత్తపేట గుమాస్తా సైకిల్ మీద వెతుక్కుంటూ వచ్చాడు. బేరానికి మళ్లీ రాలేదేమని అడగడానికి. నా గుండు చూసి సైకిల్ దిగాడు.

"అయ్యో, పెద్దావిడ... ఎప్పుడండీ? ఆవిడకు మా ఇల్లు నచ్చిందనుకున్నామే!"

ఎందుకు వద్దన్నదో చెప్పాను. దాచడానికి ఏముంది? ఆయన వింటూ వింటూ గుమ్మం పక్కన కూలబడ్డాడు.

"మా నాన్నగారు ఆ గదిలోనే పోయారండీ. పోయినేడు. ఆవిడ కూర్చున్నారే, ఆ కిటికీ కిందే మంచం. శవం లేచిన ఇల్లంటే ఎవరూ కొనరని అందరూ చెబితే... అందుకని అలా అనేశానండీ."

నా భార్య లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"ముందే చెప్తే ధర పెంచి కొనేవాణ్ని గదండీ" అన్నాను. "ఇంటి ముందర బోర్డు పెట్టుకోవలసింది, ఇక్కడ మా నాన్న పోయిండు అని."

అలవాటు నోరు. ఆయన నవ్వాలో ఏడ్వాలో తెలియక, కండువాతో ముఖం తుడుచుకుని, దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ ఇల్లు మాకు అక్కర్లేకపోయింది. ఆయనకూ కొనేవాళ్లు దొరకలేదు. గొడవలు చల్లారాక కిటికీకి అద్దం వేయించుకుని అక్కడే ఉండిపోయాడని విన్నాను. మేం మాత్రం ఆ ముసలామె ఇంట్లోనే, అదే కిరాయికి, ఉన్నాం.

ఆయన సైకిల్ సందు మలుపు తిరిగాక లోపలికి పోయి, "చూసినవా, గా ఒక్క మనిషి ఒక్క అబద్ధంతోని ఎంత పని చేసిండు" అన్నాను నా భార్యతో.

ఆమె పొయ్యి ముందునుంచి లేవలేదు.

"ఆయన తన ఇల్లు అమ్ముకోనీకి ఆడిండు అబద్ధం. నీకేమాయె? పొద్దున లేస్తే నూరు అబద్ధాలు చెప్పి బజారంతా నవ్విస్తవ్. రిక్షా పక్కపొంటి నడుసుకుంట వచ్చినవ్ గదా. 'వాళ్లు దాస్తున్నరే అమ్మా, గా ఇంట్ల ఒకాయన పోయిండట, పక్కింటోళ్లు చెప్పిన్రు' అని గా ఒక్క అబద్ధం నీ నోట్లకెందుకు రాలే?"